సైకాలజీ సీటు కోసం ఆడపడుచుతో విజయనగరం దాకా

మా ఆయన చివరి రెండేళ్ళూ నన్ను ‘టీచరమ్మగారూ’ అని పిలిచారు. నేను నిజంగానే టీచర్ని కాబట్టి మొదట్లో వేళాకోళానికి అంటున్నారనుకున్నాను. తర్వాత అర్థమైంది, నేనెవరో ఆయనకి గుర్తు లేదని, పిల్లాడి చదువు గురించి చెప్పడానికి బడి నుంచి ఎవరో వచ్చారనుకుంటున్నారని. నేను గదిలోకి వచ్చినప్పుడల్లా లేచి కుర్చీ వేసేవారు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన నాకు కుర్చీ వేసింది ఆ రెండేళ్ళే. మతిమరుపు జబ్బని డాక్టర్లు మాత్రలు రాశారు. అదే మనిషి, పాతపట్నం నుంచి చెల్లెలొస్తే మాత్రం గుమ్మంలోనే పోల్చుకుని, “నర్సీ, జీడిపళ్ళు తెచ్చావా?” అని అడిగేవారు. చెల్లెలు గుర్తుంది, పెళ్ళాం గుర్తు లేదు. ఎందుకలా? ఆయన పోయి మూడేళ్ళయింది. ఆ ప్రశ్న మాత్రం పోకుండా ఇంట్లోనే ఉండిపోయింది, అద్దె కట్టని మనిషిలా.

అందుకని అరవై అయిదో ఏట ఎం.ఏ. సైకాలజీ చదువుదామనుకున్నాను. ఈ శాస్త్రం నాకు బొత్తిగా కొత్త కాదు. బి.ఇడి.లో ఒక పేపరుండేది, మంచి మార్కులే వచ్చాయి. ఆ తర్వాత ముప్పై నాలుగేళ్ళు తరగతి గదిలో అది ఒక్కరోజు కూడా పనికి రాలేదు. సంగతి విని మా అమ్మాయి, “దూరవిద్యలో చేరమ్మా, పుస్తకాలు ఇంటికే వస్తాయి, ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు” అంది. ఇంట్లో కూర్చోవడం నాకు బాగానే వచ్చు, దానికి ఇంకో డిగ్రీ అక్కర్లేదన్నాను. నాకు కావలసింది బెంచీ, నల్లబల్ల, చెయ్యెత్తి అడిగితే జవాబు చెప్పే మనిషి. వెతగ్గా వెతగ్గా రెండు చోట్లు తేలాయి. ఒకటి శ్రీకాకుళం నుంచి జాతీయ రహదారి మీద ముప్పావు గంట దూరంలో ఉన్న ప్రైవేటు విశ్వవిద్యాలయం. రెండోది విజయనగరం ఊరి చివర, కాస్త పాతది. పేర్లు రాయను. రాస్తే ఒకరికి కోపం, ఇంకొకరికి ఉచిత ప్రచారం.

ఒక్కదాన్నే వెళ్ళి చూసొద్దామనుకున్నాను గానీ మాట ఎలాగో పాతపట్నం చేరింది. మా ఆడపడుచు అప్పలనరసమ్మ ఫోను చేసింది. ఆయన ‘నర్సీ’ అని పిలిచింది ఈవిడనే. నాకంటే ఏడాది పెద్ద, అయిదెకరాల వరి, రెండెకరాల జీడితోట ఇప్పటికీ తనే చూసుకుంటుంది. “ఏటి వొదినా, సంబంధం సూడ్డానికి ఒక్కదానివే ఎల్తావేటి? మన్లో ఉన్నాదా అలాగ?” అంది. మాలో లేని మాట నిజమే. మా వైపు సంబంధం చూడ్డానికి ఎప్పుడూ ఇద్దరు వెళ్తారు. ఒకరు వీధిగదిలో కూర్చుని ఇంటివాళ్ళతో మాట్లాడాలి, రెండోవాళ్ళు పెరటి వైపు నుంచి వెళ్ళి ఇరుగుపొరుగుని, పనిమనిషిని వాకబు చెయ్యాలి. మాట ఖాయమయ్యేదాకా ఆ ఇంట్లో భోజనం ముట్టకూడదు. తింటే ఒప్పుకున్నట్టే లెక్క. “ఇది పెళ్ళి కాదు నరసమ్మా, కాలేజీ” అన్నాను. “రెండేళ్ళ కాపరం కాదేటి?” అంది. సరే రమ్మన్నాను.

ఫిబ్రవరిలో ఒక బుధవారం పెట్టుకున్నాం. కాలేజీ చూడ్డానికి వారం మధ్యలోనే వెళ్ళండి, శనివారం వెళ్తే గోడలు తప్ప ఏమీ కనిపించవు. నరసమ్మ పాతపట్నంలో అయిదున్నర బస్సెక్కి ఏడింటికల్లా శ్రీకాకుళం బస్సు కాంప్లెక్సులో దిగింది. ఏడుంబావుకి విజయనగరం వెళ్ళే ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆడవాళ్ళకి టికెట్టు డబ్బుల్లేవు, కానీ ఆధార్ కార్డు చూపించాలి. నరసమ్మ తన కార్డుని కొంగు ముడిలోంచి, ఆ ముడిని ఇంకో ముడిలోంచి తీసేసరికి కండక్టరు రెండు స్టాపులు ఆగాడు. రహదారి మీద జంక్షన్లో దిగాక విశ్వవిద్యాలయానికి ఇంకా నాలుగు కిలోమీటర్లుంది. షేరు ఆటోలో మనిషికి ఇరవై.

“మనవరాలి సీటు కోసమా అమ్మా?” అన్నాడు ఆటో అతను.

“కాదు నాయినా, ఈవిడికే” అంది నరసమ్మ.

అతను అద్దంలోంచి నన్నోసారి చూశాడు. “ఏ సబ్జెక్టు?”

“సైకాలజీ” అన్నాను.

“మంచిదేనమ్మా. సదువయ్యాక మా ఇంటిదాన్ని ఓపాలి తీసుకొస్తాను, సూద్దురు గానీ.”

“ముందు నిన్ను సూడాల” అంది నరసమ్మ. “గోతులున్న వైపే తోల్తన్నావు.”

అక్కడ గేటు చూస్తే రాజుగారి కోటలా ఉంది. లోపల అద్దాల గది, చల్లటి గాలి, కుండీల్లో ఉతికి ఆరేసినట్టున్న మొక్కలు. టై కట్టుకున్న అబ్బాయి ఎదురొచ్చి మాకిద్దరికీ నమస్కారం పెట్టాడు. వీధిగది నాది కాబట్టి నేను కూర్చున్నాను. నరసమ్మ, “నీలు తాగొస్తాను” అని వెనక్కి వెళ్ళిపోయింది. అబ్బాయి చాలా బాగా మాట్లాడాడు. ఏడాదికి ఎనభై వేలు, వయసు పట్టింపు లేదు, ప్రవేశ పరీక్ష లేదు, ఇవాళ కడితే అయిదువేలు తగ్గింపు. “మీలాంటివారు మాకు ఇన్‌స్పిరేషన్ మేడమ్. మీ ఫోటో మా బ్రోచర్లో వేస్తాం.”

“తరగతులు ఎన్నింటికి మొదలవుతాయి బాబూ?” అని అడిగాను.

“ఆ శ్రమ మీకు లేదు మేడమ్. మీరు క్లాసుకి రానక్కర్లేదు. పరీక్షలకొస్తే చాలు, అటెండెన్సు మేం చూసుకుంటాం.”

ముప్పై నాలుగేళ్ళూ, బడికి రాని పిల్లలకి హాజరు వెయ్యననే కదా నేను ఊళ్ళో చెడ్డపేరు తెచ్చుకున్నాను! ఒక తరగతి చూపించమంటే, ఇవాళ సారు సెలవన్నాడు. భోజనం కూపన్లు రెండు చేతిలో పెట్టాడు. అంతలో నరసమ్మ వచ్చింది. నా చేతిలోంచి కూపన్లు తీసి, “మాకు వొద్దు బాబూ, ఉపాసం” అని వాటిని బల్ల మీదే పెట్టేసింది. ఆవిడ ఉపవాసం ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

బయటికొచ్చాక వాకబు బయటపెట్టింది. వంటశాల వెనక గిన్నెలు తోముతున్నావిడ ఈవిడ మేనత్త ఊరి మనిషట. “ఆ సదువుకి ముగ్గురే పిల్లలంట వొదినా. సెప్పీ సారు నెల్లో రెండుసార్లొస్తాడంట. తనికీవోళ్ళు వచ్చిననాడు మాత్రం నలుగురు సార్లు ఇస్త్రీ బట్టలేసుకుని కుర్సీల్లో కూకుంటారంట. సంబంధం వొద్దు.” మా ఇద్దరికీ మాట కుదరడం అరుదు. ఆ రోజు గేటు దాటేలోపే కుదిరింది.

మళ్ళీ జంక్షన్‌కొచ్చి బస్సు కోసం అరగంట నిలబడ్డాం. విజయనగరం చేరేసరికి పన్నెండున్నర. కాంప్లెక్సు నుంచి అయిదు నిమిషాల నడకలో ఒక చిన్న మెస్సుంది, భోజనం తొంభై రూపాయలు. వంట చేసే ఆయనే వడ్డించాడు. గుమ్మడికాయ పులుసు మా వైపు పద్ధతిలో బెల్లంతో పెట్టాడు.

“పులుసులో బెల్లం సరిపోయిందామ్మా?” అని అడిగాడు.

“బెల్లంలో పులుసు సరిపోనాది” అంది నరసమ్మ.

ఆయన నవ్వి ఇంకో గరిటె వేశాడు. ఆవిడ కాదనలేదు. ఆ పులుసు మా ఆయనకి ఇష్టం. ఇద్దరం తింటూ ఆ మాట మనసులో అనుకున్నామని నాకు తెలుసు. ఎవరం పైకి అనలేదు. ఆయన పోయాక మేమిద్దరం ఆయన గురించి అలాగే మాట్లాడుకుంటున్నాం.

రెండో చోటికి ఆటో నూరు రూపాయలు, పావుగంట. గేటు దగ్గర ఎవరూ నమస్కారం పెట్టలేదు. సైకాలజీ శాఖ మొదటి అంతస్తు చివర, మెట్లెక్కితే మోకాళ్ళు పేరు పెట్టి పిలుస్తాయి. ఆఫీసులో ఉన్న గుమాస్తా తలెత్తకుండానే, “మేడమ్ క్లాసులో ఉన్నారు” అన్నాడు. తరగతి గది తలుపు తీసే ఉంది. నలభై అయిదేళ్ళావిడ, చేతినిండా సుద్ద పొడి. మమ్మల్ని చూసి విషయమడిగి, “ఇంకో ఇరవై నిమిషాలుంది, వెనక బెంచీలో కూర్చోండి” అని మళ్ళీ బోర్డు వైపు తిరిగారు.

కూర్చున్నాను. మనసు గురించి ఏదో వింటానని చెవులు రిక్కిస్తే ఆవిడ చెప్తున్నది లెక్కలు. సగటు, సగటు నుంచి ఎవరు ఎంత దూరంలో ఉన్నారు, ఆ దూరాల వర్గాలు, వాటి వర్గమూలం. సైకాలజీ సగం లెక్కలేనని ఎవరూ ముందు చెప్పరు. మీరు చేరదలచుకుంటే ఇప్పుడే తెలుసుకోండి. నాకు సగం అర్థం కాలేదు. కానీ ఇన్నేళ్ళూ బెంచీలకి ఎదురుగా నిలబడ్డ మనిషిని, ఆ రోజు బోర్డుకి ఎదురుగా కూర్చున్నాను. ముందు బెంచీ పిల్ల జడలోంచి కొబ్బరినూనె వాసన. బల్ల మీద ఎవరో కంపాసు ముల్లుతో చెక్కిన పేరు. ఇది నాకు కావాలి అనిపించింది, ఆకలి వేసినట్టు, సిగ్గు లేకుండా. పక్కన నరసమ్మ గోడకి ఆనుకుని నిద్రపోయింది.

తరగతి అయ్యాక ఆవిడ మమ్మల్ని తన గదిలోకి తీసుకెళ్ళారు. “ఎందుకు చదవాలనుకుంటున్నారు?” అని అడిగారు. ఈ ప్రశ్న వస్తుందని ముందురోజే జవాబు రాసుకుని కంఠతా పట్టాను. “జ్ఞానానికి వయసుతో నిమిత్తం లేదు. విశ్రాంత జీవితాన్ని సార్థకం చేసుకోవాలన్న సంకల్పంతో...” అని ఎత్తుకున్నాను, బడి వార్షికోత్సవంలో ముఖ్య అతిథిలాగ. ఆవిడ మర్యాదగా వింటున్నారు. అంటే వినడం లేదు. ఆ ముఖం నా పిల్లల్లో ఎన్ని వేలసార్లు చూడలేదు!

“అది కాదండి” అంది నరసమ్మ. “మా అన్న ఈవిణ్ణి మర్సిపోనాడు. నన్ను మర్సిపోలేదు. ఆ కడుపుమంటకి సదువుతానంటాది.”

“నరసమ్మా!” అన్నాను.

“ఏటి నరసమ్మా? నాకు తెల్దనుకున్నావేటి? మూడేళ్ళై నాకు కాఫీ ఇచ్చినప్పుడల్లా గ్లాసు ఠప్మని పెడతన్నావు.”

ఆ గదిలో దాక్కోడానికి చోటు లేదు. మేడమ్ చేతిలో పెన్ను పక్కన పెట్టి మొదటిసారి నా వైపు నిజంగా చూశారు. జబ్బు ఎప్పుడు మొదలైంది, ముందు ఏవి మరిచిపోయారు, ఏవి మిగిలాయి అని ఒక్కొక్కటే అడిగారు. అన్నీ చెప్పాను. మొదట నిన్నమొన్నటి సంగతులు, తర్వాత మనవల పేర్లు, తర్వాత అమ్మాయి పెళ్ళి, తర్వాత నేను.

“చాలామందిలో ఆ వరసలోనే పోతాయండీ” అన్నారు. “కొత్తవి ముందు, పాతవి తర్వాత. చిన్నప్పుడు చూసిన ముఖాలు బాగా అడుగున ఉంటాయి. ఈవిడ ఆయనకి ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్నారు. మీరు పెద్దయ్యాక వచ్చారు.”

“అంటే నాను ముందొచ్చాను గాబట్టి ఉన్నాను” అంది నరసమ్మ. “రేషన్ షాపు కాడ వరసలాగ.”

“ప్రేమ ఎక్కువని కాదా?” అన్నాను. గొంతు నాది కాదు, వెనక బెంచీ పిల్లది.

“ప్రేమని కొలిచే పరీక్ష మా దగ్గర లేదండీ. ఉన్న పరీక్షలతోనే అవస్థ పడుతున్నాం.” పెన్ను మళ్ళీ చేతిలోకి తీసుకుని, “మీకు కావలసింది ఇదొక్క జవాబే అయితే మీరు సీటు తీసుకోవక్కర్లేదు. జ్ఞాపకం గురించి మూడో సెమిస్టర్లో ఒక పేపరులో కొంత భాగముంటుంది, అంతే. ఆయన లోపల ఏమనుకున్నారో ఏ పేపర్లోనూ ఉండదు. అది ఇక్కడ దొరుకుతుందని చెప్పి మిమ్మల్ని చేర్చుకుంటే నేను మోసం చేసినట్టు” అన్నారు.

పొద్దుట ఒకాయన రానక్కర్లేదని సీటిస్తానన్నాడు. ఈ మేడమ్ వస్తానంటే వద్దంటున్నారు. లేద్దామని సంచీ తీసుకున్నాను. నరసమ్మ లేవలేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, నా వైపు చూడకుండా, ఆవిడకి చెప్తున్నట్టు మొదలుపెట్టింది.

“ఈవిడ సాయంత్రం పాలకెల్తే అన్న నన్నడిగీవోడండి. ‘నర్సీ, ఆ టీచరమ్మ ఎలిపోనాదా? మల్లీ వస్తాదా?’ అని. వస్తాదన్నా వినడు. ‘ఆవిడుంటే బాగుంటాదే, ఎలిపోకుండా సూడు’ అనీవోడు. ఎలిపోతాదని సెప్పులు తీసికెల్లి బియ్యం డబ్బా ఎనకాల ఎట్టీసీవోడు.”

నా చెప్పులు. ఆ రెండేళ్ళలో ఎన్నిసార్లు వెతుక్కున్నానో. బియ్యం డబ్బా వెనక, పరుపు కింద, ఒకసారి దేవుడి అలమరలో. దొరికిన ప్రతిసారీ కసిరేదాన్ని. ఆయన తప్పు చేసిన బడిపిల్లాడిలా చేతులు కట్టుకుని, “ఇంకెప్పుడూ చెయ్యను టీచరమ్మగారూ” అనేవారు. మర్నాడు మళ్ళీ చెప్పులుండేవి కావు. జబ్బనుకున్నాను.

“ఎందుకు చెప్పలేదు నాకు?” అన్నాను.

“పెళ్ళాం ఎదరుంటే ఎవరో టీచరమ్మ కావాలంటన్నాడని ఎలాగ సెప్పమంటావు? కొట్టీదానివి.”

నిజమే, కొట్టకపోయినా కొట్టినంత పని చేసేదాన్ని. మేడమ్ కిటికీ వైపు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. తర్వాత, “మనిషెవరో తెలియకపోయినా ఆ మనిషి మీద ఇష్టం మిగిలే ఉండొచ్చని చదువుకున్నాం. మీవారి విషయంలో అదే అని మాత్రం నేను చెప్పలేను” అన్నారు. చెప్పలేనన్న ఆ ఒక్క మాటకి నాకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది.

“దరఖాస్తు ఎక్కడిస్తారు?” అని అడిగాను.

“ఇంకా కావాలా?”

“ఇప్పుడే కదా అడగాల్సినవి మొదలయ్యాయి” అన్నాను.

వివరాలు చెప్పారు. వేసవిలో ప్రవేశ పరీక్ష, దరఖాస్తు ఆన్‌లైనులోనే. డిగ్రీ మార్కుల జాబితాలు, టి.సి. అసలువి ఉండాలి. నా టి.సి. ఏ ట్రంకుపెట్టెలో ఉందో అది వేరే ప్రయాణం. ఫీజు ఏడాదికి పదిహేను వేల లోపు, డెబ్బై అయిదు శాతం హాజరు తప్పనిసరి, వయసుకి మినహాయింపు లేదు. మెట్లకీ లేదు. పరీక్షలో లెక్కలు రాకపోతే సీటే లేదు. గుమాస్తా ఈసారి తలెత్తి, పాత ప్రశ్నపత్రాలు ఎక్కడ జిరాక్సు తీయించుకోవాలో చెప్పాడు.

తిరుగు ప్రయాణం రైల్లో. విజయనగరంలో అయిదు దాటాక పాసింజరెక్కితే నెల్లిమర్ల, చీపురుపల్లి, పొందూరు మీదుగా ఆమదాలవలస గంటంబావు. అక్కడి నుంచి శ్రీకాకుళానికి బస్సులకి కొదవ లేదు. కిటికీ పక్క చోటు దొరికింది. పొందూరు దాటాక నరసమ్మ, “రోజూ ఇంతదూరం ఎలగొస్తావు?” అంది. విజయనగరంలో గది తీసుకుంటానని, ఆదివారాలు ఇంటికొస్తానని అన్నాను. “ముందు పరీచ్చ రాయి. ఆ బోర్డు మీది లెక్కలు సూస్తే నాకే నిద్రొచ్చీసినాది” అంది.

ఇంతకీ ఏ విశ్వవిద్యాలయం మంచిదని మీరడిగితే, నేను వెళ్ళిన కారణం మీకుండదు కాబట్టి నా జవాబు మీకు పనికి రాకపోవచ్చు. రానక్కర్లేదు, సీటిస్తామన్న చోటు వద్దనుకున్నాను, నాకు కావలసింది దొరకదని చెప్పిన చోటు ఎంచుకున్నాను. దొరకదని తెలిసే వెళ్తున్నాను. ఏ సెమిస్టరూ నాకు ఆ సాయంత్రాల్లో ఒక్కదాన్ని కూడా వెనక్కి ఇవ్వదు. ఇస్తే నేను చేసేది పెద్దగా ఏమీ లేదు. పాల గిన్నె కింద పెట్టేసి, ఆయన వేసిన కుర్చీలో కూర్చుని, “నేనెక్కడికీ వెళ్ళను లెండి” అనేదాన్ని. అంత చిన్న మాట. చెప్పులు వెతుక్కునే హడావుడిలో అనలేదు.

ఈ పని మీద బయల్దేరేవాళ్ళకి ఒక్కటే సలహా. సర్టిఫికెట్లు, ఆధార్ కార్డు, మంచినీళ్ళ సీసా ఎలాగూ మరిచిపోరు. వాటితో పాటు మీ గురించి మీ ఎదుటే నిజం చెప్పెయ్యగల మనిషిని ఒకరిని వెంటబెట్టుకెళ్ళండి. ఆడపడుచు అయితే మరీ మంచిది. దారి పొడుగునా విసిగిస్తుంది, ఓర్చుకోండి.